మొగలి పువ్వు సరే, మరి మొగలి పొద?

మొగలి పువ్వు వాసన గిట్టదన్న మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. మొగలి పొద ఉండి తీరాలని పట్టుబట్టే మనిషి కూడా పెద్దగా తగల్లేదు. శ్రావణమాసం వస్తే పువ్వు ఎక్కడ దొరుకుతుందని నలుగురినీ వాకబు చేస్తారు. అదే మనుషులు గెడ్డ (మా వైపు వాగుకు ఆ పేరు) గట్టు మీద పొద కనిపిస్తే జేసీబీని ఎప్పుడు పిలుద్దామా అని చూస్తారు. ఇది నాకు ఎప్పటినుంచో మింగుడుపడని సంగతి. పువ్వు మీద ఉన్న ప్రేమలో కొంతైనా పొద మీద ఉంటే మా తీరంలో ఇన్ని గట్లు తెగేవి కావు, ఇన్ని తోటల్లోకి ఇసుక వచ్చి పడేది కాదు. మొగలిని ముళ్ళకంప లెక్కలోంచి తీసి ఆస్తి లెక్కలో రాయాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉండే కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. ఇక్కడ మొగలిని ఎవరో పనిగట్టుకుని పెంచినట్టు కనిపించదు. తోటల చుట్టూ కంచెగా, గెడ్డల ఒడ్డున, పుంతలకు రెండు పక్కలా, ఇసుక దిబ్బల వెనకా దానంతట అదే ఉన్నట్టు ఉంటుంది. అన్నిటికంటే బాగా పెరిగేది తంపర అంచున. వానాకాలం దాటాక కూడా నీళ్ళు నిలిచి ఉండే పల్లపు నేలను మేం తంపర అంటాం. ఉప్పుగాలి కొట్టినా, వేళ్ళు నీళ్ళలో నానుతున్నా, ఎండాకాలంలో కింద ఇసుక కాలుతున్నా మొగలి పచ్చగానే ఉంటుంది. ఆకు రాల్చుకునే కాలమంటూ దానికి లేదు.

దగ్గరికెళ్ళి చూడాల్సిన మొక్క అది. ఆకు మనిషి చేతికంటే పొడుగు. ముళ్ళు మూడు వరసలు: రెండు అంచుల వెంబడి రెండు, ఆకు అడుగున నడిమి ఈనె వెంబడి మూడోది. కొత్తవాళ్ళు అంచులు చూసుకుని జాగ్రత్తగా పట్టుకుంటారు, ఆ మూడో వరస అరచేతిలో దిగుతుంది. ఆకులు కాండం చుట్టూ మర చుట్లలాగా మెలి తిరుగుతూ పైకి పోతాయి. కాండం నుంచి ఊడలు ఏటవాలుగా దిగి నేలలో పాతుకుంటాయి. ఇంకా నేల తాకని ఊడను పట్టి చూస్తే చివర పొరలు పొరలుగా ఒక తొడుగు ఉంటుంది. నేల తగిలాక అక్కడినుంచే వేళ్ళు గుంపుగా విచ్చుకుంటాయి. అలా ఒక్క చెట్టు పది కాళ్ళ మీద నిలబడుతుంది. చెట్టు పక్కకి ఒరిగితే ఒరిగిన వైపే కొత్త ఊడ దిగుతుంది. గట్టు మీద మొగలి చేసే పనంతా ఈ ఊడల్లోనే ఉంది.

మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మనం తలలో పెట్టుకునేది మగ చెట్టు పువ్వు. లేత పసుపు కలిసిన తెల్లటి రేకులు, వాటి మధ్య పుప్పొడి కంకులు. ఆడ చెట్టుకు ఆ ఘుమఘుమ లేదు. దానికి అనాసపండును పోలిన కాయ కాస్తుంది, పండితే నారింజ రంగుకు తిరిగి ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ముక్కలో పీచు ఉంటుంది కాబట్టి నీళ్ళ మీద తేలుతుంది. సముద్రంలో నెలల తరబడి తేలి ఏదో ఒక ఒడ్డున పడి మొలవగలదు. శాస్త్రవేత్తలు పాండనస్ ఒడోరిఫర్ అని పిలిచే ఈ మొక్కా, దాని చుట్టపు జాతులూ హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ దాకా తీరాల నిండా కనిపించడానికి ఇదొక కారణం.

వాడకం విషయానికొస్తే అందరికీ ముందు గుర్తొచ్చేది జడ. విచ్చీ విచ్చని పువ్వు కావాలి. దోటికి కొడవలి కట్టి తెల్లవారుజామునే కోసేవారు, ఎండ ఎక్కితే రేకు వాడుతుంది. పైనున్న ముదురు రేకులు తీసేసి లోపలి లేత రేకుల అంచుల్ని మా అమ్మ చిన్న కత్తితో గీరేది. రేకుకు కూడా సన్నని ముళ్ళుంటాయి, అవి మెడకు గీసుకుంటే మంట. తర్వాత రేకును ముక్కోణంగా మడిచి, అరటి పట్ట మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చి దారంతో కుట్టి, జడ మీద కట్టేది. మిగిలిన రేకులు పెట్టెలో పట్టుచీరల మడతల్లోకి పోయేవి. ఎండిపోయి గోధుమరంగుకు తిరిగాక కూడా పెట్టె తెరిస్తే ఆ వాసన ముక్కుకు తగిలేది. శివపూజకు మాత్రం ఈ పువ్వు పనికిరాదు. బ్రహ్మ శివలింగం కొస చూశానని చెబితే కేతకి, అంటే మొగలి పువ్వు, దొంగసాక్ష్యం చెప్పిందనీ, శివుడు శపించాడనీ కథ. పూజకు రాని పువ్వు పెళ్ళికూతురి జడలో మహారాణిలా వెలిగింది.

జడ సంగతి పాటల్లో ఉంది, సినిమాల్లో ఉంది. మిగతా వాడకాల గురించి ఎవరూ పాడలేదు. గోడలకు సున్నం వేసే కుంచె మొగలి ఊడతోనే చేసేవారు. ఊడను జానెడు ముక్కగా కోసి, నానబెట్టి, ఒక కొసను రాయి మీద సుత్తితో మెల్లగా కొడుతూ పోతే లోపలి మెత్తటి గుజ్జు రాలిపోయి నార మిగులుతుంది. రెండో కొస పిడి. సున్నంలో ఎన్నిసార్లు ముంచినా ఆ నార చివికిపోదు. పండక్కి ముందు ప్రతి అరుగు మీదా ఆ కుంచెలుండేవి. అదే నారతో తాళ్ళు పేనేవారు. ఆకుల ముళ్ళు చీల్చేసి, ఎండబెట్టి చాపలు అల్లేవారు.

ఈ చాపల విషయంలో కేరళవాళ్ళను మెచ్చుకోవాలి. అక్కడ మొగలి చాపను తళప్పాయ అంటారు. కొల్లం జిల్లా తళవ దానికి పేరుపడ్డ ఊరు. ఆకు కోయడం నుంచి ముళ్ళు తీసి, ఎండబెట్టి, చుట్టలు చుట్టి, సన్నగా చీల్చి నేయడం దాకా ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీదే నడిచే పని. ప్లాస్టిక్ చాప వచ్చాక అక్కడా దెబ్బతింది, కానీ ఆకుకు విలువ ఉందన్న ఎరుక పోలేదు. నికోబార్ దీవుల్లో మొగలి జాతికి చెందిన ఇంకో చెట్టు పండును ఉడికించి గుజ్జు తీసి తింటారు, అది వాళ్ళకు ముఖ్యమైన ఆహారం. పసిఫిక్‌లోని మార్షల్ దీవులవాళ్ళు మొగలి పండు తింటారు, గుజ్జును ఎండబెట్టి దాచుకుంటారు, ఆకులతో చాపలే కాదు, ఒకప్పుడు పడవలకు తెరచాపలు కూడా అల్లుకున్నారు. ఒక పొద మీద ఆధారపడి నడిసముద్రంలో బతుకు నిలబెట్టుకున్న జనం వాళ్ళు. మనం మాత్రం దాని పువ్వొకటి తుంచుకుని మిగతాదంతా కంప అనేశాం.

పువ్వుకు పెద్ద మార్కెట్ కూడా ఉంది. మాకు ఎగువన ఒడిశాలోని గంజాం జిల్లా దేశంలో కేవడా పరిశ్రమకు పెద్ద కేంద్రం. కేవడా అంటే మన మొగలే. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇచ్ఛాపురం, సోంపేట అప్పట్లో ఆ జిల్లాలోవే. ఒకే తీరం, ఒకే ఇసుక, ఒకే పొద. ఇవాళ గంజాం కేవడా పువ్వుకూ, దాని నుంచి తీసే రూహ్ అనే స్వచ్ఛమైన నూనెకూ భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ ఉంది. సరిహద్దుకు ఇవతల మా పొదకు ఏ గుర్తింపూ లేదు.

అత్తరు తీసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. తెల్లవారుజామున కోసిన పువ్వుల్ని అదే రోజు పెద్ద రాగి పాత్రలో నీళ్ళతో వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ళలో పెట్టిన ఇంకో పాత్రలోకి పోయి చల్లబడుతుంది. ఆ రెండో పాత్రలో మంచిగంధం నూనె ఉంటే అది వాసనను పట్టుకుని అత్తరవుతుంది. గంధం నూనె ధర చుక్కలనంటాక చాలామంది దాని బదులు లిక్విడ్ పారఫిన్ వాడుతున్నారు. నూనె లేకుండా నీటితోనే పట్టుకుంటే కేవడా జలం. బిర్యానీలో, మిఠాయిల్లో పడేది అదే.

అయితే ఈ వ్యాపారాన్ని చూసి మొగలి భవిష్యత్తుకు ఢోకా లేదనుకునేవాళ్ళతో నేను ఏకీభవించను. కేవడా సరుకులో పెద్ద వాటా కొనేది బిర్యానీ వండేవాళ్ళు కాదు, పాన్‌మసాలా, జర్దా తయారీదారులు. 2012 నుంచి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా గుట్కాను నిషేధించాయి. నిషేధం మంచిదే, నాకు అందులో రెండో మాట లేదు. కానీ పువ్వు ధర ఆ పరిశ్రమ కాళ్ళకు కట్టి ఉంటే, ఆ కాళ్ళు తడబడినప్పుడల్లా పువ్వు కోసుకుని బతికేవాళ్ళ పొయ్యి ఆరుతుంది. రెండో చిక్కు రసాయనాలది. కేవడా నూనెలో సగానికి పైగా ఉండేది ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒక్క పదార్థం. దాన్ని ఫ్యాక్టరీలో తేలిగ్గా, చవగ్గా తయారు చేసుకోవచ్చు. సీసా మీద కేవడా అని ఉన్నంత మాత్రాన లోపల మొగలి ఉండాలనేం లేదు.

మూడోది ఇంకా లోతైన చిక్కు. మార్కెట్‌కు కావాల్సింది మగ చెట్టు. గింజ నాటితే ఏది మగదో ఏది ఆడదో పూసేదాకా తెలియదు కాబట్టి, పువ్వు కోసం పెంచేవాళ్ళు మగ చెట్ల పిలకల్నే తెచ్చి పాతుతారు. అది వాళ్ళ తప్పు కాదు. కానీ తీరం పొడుగునా ఒకే తల్లి నుంచి తెచ్చిన మగ మొక్కలే మిగిలితే కాయ ఎక్కడిది? నీళ్ళ మీద తేలి కొత్త ఒడ్డున మొలిచే ముక్క ఎక్కడిది? పువ్వునే లెక్కలోకి తీసుకుంటే చివరికి పొద జాతే చిక్కిపోతుంది. అందుకే నేను మొగలి విలువను అత్తరు ధరతో కొలవడానికి ఒప్పుకోను.

దాని అసలు విలువ అది నిలబడ్డ చోట ఉంది. మా వైపు ఒక గెడ్డకు రెండు పక్కలా మనిషెత్తు మొగలి ఉండేది. పూడిక తీసే పని వచ్చినప్పుడు యంత్రంతో పొదలన్నీ పెళ్ళగించారు. గట్టు నున్నగా, శుభ్రంగా కనిపించింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద వరదకే గట్టు ముక్కలు ముక్కలుగా గెడ్డలోకి జారింది. తీసిన పూడిక కంటే ఎక్కువ మట్టి మళ్ళీ గెడ్డలో పడింది. నేను వెళ్ళి చూశాను. గట్టు ఎక్కడ నిలిచిందో చూస్తే, యంత్రం చెయ్యి అందని ఒంపులో ఓ పొద మిగిలిపోయింది, దాని ఊడలు మట్టిని గుప్పిట్లో పట్టుకున్నట్టు ఉన్నాయి, కింద నీళ్ళు కోసుకుపోయినా పైన గట్టు అలాగే ఉంది. ఆ పని చేయించినవాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. వాళ్ళ కాగితంలో మొగలి అన్న పద్దు లేదు, ‘జంగిల్’ అన్న పద్దు ఉంది. జంగిల్ తీసేశారు.

తుఫాన్ల మాట కూడా చెప్పాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ మా ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా కూలాయి, జీడి తోటలు వేళ్ళతో లేచాయి. మొగలి ఉంటే తుఫాను ఆగేదని నేను అనడం లేదు. అలాంటి మాటలు వినడానికి బాగుంటాయి, నిలవవు. నేను చూసింది ఇంతే: మొగలి పొదలు కూడా ఒరిగాయి, ఆకులు చీలికలు పేలికలయ్యాయి, పూలు పోయాయి. కానీ ఒరిగిన కాండాలు పడిన చోటే ఊడలు దించి మళ్ళీ చిగిర్చాయి. కొబ్బరి మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. దిబ్బ వెనక మొగలి వరస ఉన్న తోటల్లో ఇసుక మేట తక్కువగా పడింది. వరస లేనిచోట మోకాలి లోతు ఇసుక తవ్వుకోవాల్సి వచ్చింది.

ఇదంతా పొద గురించే కాదు, పొద పెరిగే నేల గురించి కూడా. తంపరలూ, వాటిలాంటి చిత్తడి నేలలైన బీలలూ రెవెన్యూ పుస్తకాల్లో చాలాచోట్ల పోరంబోకు, బంజరు అని కనిపిస్తాయి. సోంపేట బీల సంగతి తెలుగువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టాలనుకున్నప్పుడు దాన్ని పనికిరాని నేల అన్నారు. ఆ నీళ్ళతో సేద్యం చేసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, గడ్డి, తుంగ కోసుకునేవాళ్ళు కాదన్నారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసిందీ అదే రోజు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గరా అలాగే నెత్తురు చిందింది. నేలను బంజరు అని రాయడం ఒట్టి గుమాస్తా పని కాదని మాకు అలా తెలిసింది. నేల బంజరైతే దాని మీద మొక్క కంపే అవుతుంది, దాని మీద బతికే మనిషి లెక్కలోకే రాడు.

ఎదుటివైపు వాదన తేలిక కాదు, దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. మొగలి పొద అంటే పాములు అంటారు. పువ్వు వాసనకు నాగుపాము వస్తుందన్న నమ్మకం సంగతి ఎలా ఉన్నా, పొద అడుగు చల్లగా, చీకటిగా ఉంటుంది, ఎలుకలూ కప్పలూ ఉంటాయి, వాటి కోసం పాము రావడం నిజమే. దానికంటే పెద్ద భయం ఎలుగుబంటి. ఉద్దానంలో ఎలుగుల దాడుల్లో మనుషులు చనిపోయారు. మా చుట్టాల కుర్రాడు ఒకడు నా మాటలన్నీ విని, “బాగానే సెప్తన్నావు మావా, పొదలోంచి ఎలుగొస్తే నువ్వొచ్చి తోల్తావేటి?” అన్నాడు. జీడి గింజలు ఏరడానికి తెల్లారకముందే తోటకెళ్ళే మనిషి అడిగిన ప్రశ్న అది. జవాబు చెప్పి తీరాలి.

నా జవాబు ఇది. ఇళ్ళ పక్కన, బడి దారిలో, జనం నడిచే పుంత వెంబడి పొద పెరగనివ్వొద్దు, ఉన్నదాన్ని అడుగు కనబడేలా కత్తిరించాలి. ఇంతకుముందు అలాగే ఉండేది. ఆకు కోసం, ఊడ కోసం, పువ్వు కోసం ఎవరో ఒకరు ఏడాది పొడుగునా కోస్తూనే ఉండేవారు కాబట్టి పొద వరసగా, కంచెగా ఉండేది. కొయ్యడం మానేశాక అది కీకారణ్యమైంది, ఎలుగు దూరేంత గుబురైంది. భయపెడుతున్నది మొగలి కాదు, మనం ముట్టుకోవడం మానేసిన మొగలి. ఇక చిన్న రైతు చెప్పే ఇంకో మాట, పొద గట్టు దాటి చేలోకి రెండు మూడు గజాలు తినేస్తుందని. అరెకరం ఉన్నవాడికి అది నిజమైన నష్టం. అతని పొలం గట్టు మీద మొగలి పెంచమని అడిగే హక్కు నాకు లేదు. నేనడిగేది గెడ్డల గట్లు, చెరువు కట్టల వెలుపలి వైపు, తంపర అంచులు, దిబ్బల వెనక భాగం. అవన్నీ ఊరుమ్మడి నేలలే.

చట్టం కొంత సాయం చేస్తుంది, పూర్తిగా కాదు. తీరప్రాంత నియంత్రణ జోన్ 2019 నోటిఫికేషన్‌లో మడ అడవులు, ఇసుక దిబ్బలు, ఉప్పు చిత్తడి నేలలు సున్నితమైన ప్రాంతాల జాబితాలో ఉన్నాయి. మొగలి పేరు లేదు. దిబ్బ మీద ఉన్న మొగలికి దిబ్బ పుణ్యమా అని రక్షణ దొరకొచ్చు. రెండు మూడు కిలోమీటర్లు లోపల గెడ్డ ఒడ్డున ఉన్న మొగలికి అదీ లేదు. మడ అడవికి కాకినాడ దగ్గర కోరంగి అభయారణ్యం ఉంది, బోర్డులున్నాయి, చూడ్డానికి వచ్చే జనం ఉన్నారు. అదే తీరంలో అదే గాలికి ఎదురు నిలిచే మొగలిని అడిగే నాథుడు లేడు.

అయినా చేతిలో ఒక సాధనం ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాసుకోవాలి. చాలా ఊళ్ళలో ఇది బీరువాలో పడి ఉండే కాగితం. దాన్ని బయటికి తీసి, ఏ గట్టు మీద ఎంత పొడుగున మొగలి ఉంది, ఆడ చెట్లు ఎక్కడున్నాయి, ఎవరు ఆకు కోస్తారు, ఎవరు పువ్వు కోస్తారు అని రాయించాలి. చాప అల్లిన ముసలమ్మలు, కుంచెలు చేసినవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళు చెప్పింది వాళ్ళుండగానే అందులో ఎక్కాలి. అలా రాసి ఉంటే రేపు పూడికతీత పనికి అంచనా వేసే ఇంజనీరు ముందు ఆ పుట పెట్టి మాట్లాడొచ్చు. ఏ ఆధారమూ లేకుండా అడ్డం పడితే చాదస్తం అంటారు.

గండి పడిన గట్ల మీద మళ్ళీ నాటడం కష్టమైన పనేం కాదు. తొలకరికి ముందు, ఊడలతో సహా ఉన్న కొమ్మను మోకాలెత్తు ముక్కగా కోసి, ఆకులు సగానికి కత్తిరించి, ఊడలు మట్టిలోకి పోయేలా కొంచెం వాల్చి పాతితే వానలకు నాటుకుంటుంది. ఉపాధి హామీలో గట్ల మీద మొక్కలు నాటే పనులు ఎలాగూ ఉన్నాయి, వాటిలో మొగలిని చేర్చమని గ్రామసభలో అడగొచ్చు. కొమ్మలు ఒకే చెట్టు నుంచి తేవొద్దు. నాలుగు ఊళ్ళ నుంచి తేవాలి, కాయ కాసిన చెట్టు కొమ్మలు కూడా కలపాలి. మా గెడ్డకు మొగలి మిగిలిన ఆ ఒంపులో ఉన్నది మగ పొదే. ఆడ చెట్టు కోసం ఈసారి బీల అంచున వెతకాలి.